చుక్కల తెర కింద

దేవుడు ఆకాశాన్ని తెరలా పరిచాడని యెషయా ప్రవక్త అంటాడు (40వ అధ్యాయం). 104వ కీర్తనలోనూ అదే పోలిక ఉంది. ఈ వాక్యాలను మందిరంలో ఎన్నోసార్లు చదివాం, ప్రసంగించాం. కానీ ‘తెర’ అన్న ఆ మాటలోని అందం మాకు తెలిసింది మాత్రం ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో.

తోలుబొమ్మలాటకు పేరుపడిన ఊరది. 2022లో జిల్లాను విభజించేదాకా అనంతపురం జిల్లాలోనే ఉండేది. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఎండలో ఆరబెడతారు. పలుచబడిన తోలు మీద బొమ్మ గీసి, చిన్న ఉలులతో లెక్కలేనన్ని రంధ్రాలు పొడిచి, రంగులద్దుతారు. పగలు చూస్తే అది రంగు వేసిన తోలే. వెనుక దీపం పెడితే హారాలు, కిరీటాలు తళుక్కుమంటాయి. ఆ తళుకంతా రంధ్రాలదే.

ఆట చూసేవారు తగ్గాక, ఇప్పుడు అదే తోలుతో దీపాలకు తొడుగులు చేసి అమ్ముతున్నారు. సంఘంలోని పిల్లలతో వెళ్లినప్పుడు ఒక ఇంట్లో తలుపు మూసి, అలాంటి దీపం వెలిగించారు. గోడల మీద, పైకప్పు మీద, పిల్లల ముఖాల మీద చుక్కలే చుక్కలు. అంతవరకు అల్లరి చేస్తున్నవారు ఒక్కసారిగా నోరు మూశారు. సండే స్కూల్లో మేము ఏనాడూ సాధించలేని నిశ్శబ్దమది!

8వ కీర్తనలో దావీదు ఆకాశాన్ని దేవుని చేతిపని అంటాడు. హెబ్రీ మూలంలో ఉన్న మాట ‘వేళ్ల పని’. ఉలి పట్టిన ఆ వేళ్లను దగ్గరగా చూశాక ఆ కీర్తన మాకు కొత్తగా వినిపించింది.

2022 జూలైలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన తొలి చిత్రాన్ని చాలామంది చూసే ఉంటారు. చేయి చాచి ఒక ఇసుక రేణువును పట్టుకుంటే అది ఎంత ఆకాశాన్ని కప్పుతుందో, అంత మేరలోనే వేల గెలాక్సీలు! వాటిలో మధ్యనున్న గుంపు నుంచి వెలుగు మనల్ని చేరడానికి 460 కోట్ల ఏళ్లు పట్టింది. ఆ టెలిస్కోపు పట్టేది మన కంటికి కనిపించని పరారుణ కాంతిని. వచ్చిన నలుపు తెలుపు చిత్రాలకు నిపుణులు రంగులద్దుతారు. పొడవైన తరంగాలకు ఎరుపు, పొట్టివాటికి నీలం. ‘అయితే అది బొమ్మే కదా, నిజం కాదు కదా’ అని ఒక యువకుడు మమ్మల్ని అడిగాడు. ఉన్న వెలుగునే మన కంటికి అందేలా చేస్తున్నారని చెప్పాం. నిమ్మలకుంటవారు చేసేదీ దాదాపు అదే.

ఈ సంగతులన్నీ ఒక డిసెంబరు రాత్రి, ఒక పల్లెలో జరిగిన గృహప్రార్థనలో ఎంతో ఉత్సాహంగా చెప్పాం. ఆకాశం నిర్మలంగా ఉంది. ఆ ఏడు శెనక్కాయ పంట ఎండిపోయింది. ప్రార్థన ముగిశాక సంఘపెద్ద ఒకాయన అన్నాడు: ‘అయ్యగారూ, సుక్కలు ఇంత బాగా కనపడ్తాండాయంటే మోడం లేదనే కదా. మాకేం సంతోషం?’

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే అదే సాధారణమనుకునే సీమ ఇది. ఆయన మాటకు మా దగ్గర జవాబు లేదు. కరువు పాపానికి శిక్ష అని బోధించేవారున్నారు. యోబు స్నేహితులూ అలాంటి లెక్కలే చెప్పి, దేవుని కోపానికి గురయ్యారు. యోబుతో మాట్లాడినప్పుడు దేవుడు నక్షత్రాలను చూపించాడు, వానను గురించీ అడిగాడు. అయితే అక్కడ, మనుషులు లేని ఎడారిలో వాన కురిపించే దేవుని ప్రస్తావన ఉంది (38వ అధ్యాయం). పంట పోగొట్టుకున్న మనిషి ముందు ఆ వచనం చదవడానికి ఆ రాత్రి మాకు నోరు రాలేదు. ఇప్పటికీ అది మాకు కష్టమైన వచనమే.

కాబట్టి దాని తరువాతి మాటలే చెప్పాం. అదే అధ్యాయంలో దేవుడు కృత్తికను, మృగశిరను పేరుపెట్టి ప్రస్తావిస్తాడు. మృగశిర అనగానే పెద్దాయన తలెత్తాడు. ‘మా కార్తె పేరు బైబిల్లో ఉందా? ఏదీ, సూపించండి’ అంటూ బయటికి నడిచాడు. తూర్పున నిలువుగా ఉన్న మూడు చుక్కలను, వాటికి ఎడమవైపున్న చిన్న గుంపును చూపించాం. చాలాసేపు చూశాడు.

‘విత్తనమేసేటప్పుడు ఇది యాడుంటాది?’

సూర్యుడు ఆ నక్షత్రంలో ఉన్నప్పుడే మృగశిర కార్తె. అందుకే ఆ రోజుల్లో అది సూర్యుడితో పాటే ఉదయించి, సూర్యుడితో పాటే అస్తమిస్తుంది. కంటికి కనిపించదని చెప్పాం. పెద్దాయన కండువా సర్దుకుని, కాసేపు అక్కడే నిలబడ్డాడు.

‘జూన్‌లో విత్తనం తీసుకుని సేనుకు పోయే పొద్దు మీరూ రాండి, ప్రార్థన సేద్దురు’ అన్నాడు. వస్తామన్నాం.