సమాధి లేనివారి పేరు ఎవరికి తెలుసు?

నవంబరు నెల వచ్చిందంటే మన సంఘాలలో అనేకం సమాధుల పండుగకు సిద్ధపడతాయి. సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పునరుత్థాన నిరీక్షణను జ్ఞాపకం చేసుకుంటాము. మరి సమాధే లేనివారి మాటేమిటి? యుద్ధానికి వెళ్ళి, శవమైనా ఇంటికి చేరని కుమారుని కోసం తల్లి ఎక్కడ కొవ్వొత్తి వెలిగించాలి? పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్ళ నుండి ఎందరో యువకులు సైన్యంలో చేరుతున్నారు. కనుక ఇది మనకు దూరపు ప్రశ్న కాదు.

ఒక పాదిరి చూచిన సిలువ

మొదటి ప్రపంచ యుద్ధంలో డేవిడ్ రైల్టన్ అనే పాదిరి బ్రిటిష్ సైనికుల మధ్య పరిచర్య చేసేవాడు. 1916లో ఫ్రాన్సులోని అర్మెంతియేర్ వద్ద ఒక ఇంటి పెరట్లో ఆయన ఒక సమాధిని చూచాడు. దానిమీద చిన్న కొయ్య సిలువ ఉంది. అక్కడ పడుకొన్నది ఒక బ్రిటిష్ సైనికుడని తప్ప, అతని పేరు దానిమీద లేదు. ఫిరంగి గుండ్లకు ఛిద్రమై, బురదలో కూరుకుపోయి, ఆనవాలు పట్టలేని శవాలు ఆ యుద్ధంలో వేలకు వేలు. ఆ సిలువ రైల్టన్ మనస్సును విడువలేదు.

1918 నవంబరు 11వ తేదీ ఉదయం 11 గంటలకు తుపాకులు ఆగిపోయాయి. 1920లో ఆయన లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ పెద్దకు తన ఆలోచన వ్రాశాడు. అదే సంవత్సరం నవంబరు 11న పేరు తెలియని ఒక సైనికుని, రాజులను పాతిపెట్టిన ఆ దేవాలయంలోనే భూస్థాపన చేశారు. రాజు శవపేటిక వెనుక నడిచాడు. అదే రోజు పారిస్‌లోనూ పేరు తెలియని ఒక సైనికుని అలాగే గౌరవించారు. ఆ సైనికుడు ఎవరో తెలియదు గనుకనే, కుమారుడు తిరిగిరాని ప్రతి తల్లీ "వీడు నా బిడ్డే కావచ్చు" అనుకోగలిగింది.

ఇటలీలో 1921లో పేరు తెలియని పదకొండు శవపేటికలను అక్విలేయా దేవాలయంలో ఉంచి, వాటిలో ఒకదానిని ఎంచే పని మరియా బెర్గమాస్ అనే తల్లికి అప్పగించారు. ఆమె కుమారుని శవం కూడా దొరకలేదు. టెక్కలిలో, సోంపేటలో పరిచర్య చేసిన బాప్టిస్టు మిషనరీల దేశమైన కెనడా కూడా, 2000 మే 28న తన పేరు తెలియని సైనికుని ఫ్రాన్సు నుండి తెచ్చి ఒట్టావాలో పాతిపెట్టింది.

ఈ తల్లులను తలచినప్పుడు మాకు రిస్పా గుర్తుకు వస్తుంది. తన కుమారుల శవాలను పగలు పక్షులూ రాత్రి మృగాలూ ముట్టకుండా ఆమె కాచింది. ఆ సంగతి విని దావీదు రాజు సౌలు, యోనాతానుల ఎముకలను తెప్పించి గౌరవంగా పాతిపెట్టించాడు. ఒక తల్లి దుఃఖం రాజుకు అతని బాధ్యతను నేర్పింది.

మన దేశంలో, మన సముద్రంలో

1971 యుద్ధం తరువాత, 1972 జనవరి 26న ఢిల్లీ ఇండియా గేటు క్రింద అమర్ జవాన్ జ్యోతి వెలిగింది. తలక్రిందులుగా నిలిపిన తుపాకి, దానిమీద సైనికుని టోపీ, అంతే. ఎవరి పేరూ లేదు. 2022 జనవరి 21న ఆ జ్యోతిని జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతితో కలిపారు. 2019లో ప్రారంభమైన ఆ స్మారకం గోడలపై 25,000కు పైగా వీరుల పేర్లు చెక్కి ఉన్నాయి.

విశాఖపట్నం బీచి రోడ్డులో ఉన్న విజయ స్మారకం కూడా 1971 నాటి యుద్ధానిదే. ఆ డిసెంబరు 3వ తేదీ రాత్రి తెల్లవారేలోగా పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ అక్కడి సముద్రంలో మునిగిపోయింది. దానిలోని తొంభైమందికి పైగా నావికులు మరణించారు. వారు శత్రువులే. కాని వారికీ తల్లులున్నారు. మన ఉద్దానం జాలరులు వల వేసేదీ ఆ బంగాళాఖాతంలోనే. శత్రువును ప్రేమించుమన్న ప్రభువు శిష్యులు ఆ తల్లుల కన్నీటిని కూడా తలచుకోవాలి.

రంగం దారిలో రాలినవారు

మన తాతల కాలంలో బారువ, కళింగపట్నం వంటి రేవులు నడిచేవి. కూలికోసం వేలాదిమంది తెలుగువారు ఓడలెక్కి రంగూన్ వెళ్ళారు. మనవాళ్ళు దానిని రంగం అనేవారు. 1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాను బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరం వారి వశమైంది. లక్షలాది భారతీయులు అరకాన్ కొండల మీదుగా, మణిపురం అడవుల మీదుగా కాలినడకన బయలుదేరారు. ఆకలి, కలరా, మలేరియా వలన వేలాదిమంది దారిలోనే రాలిపోయారు.

రంగూన్‌కు ఉత్తరాన టౌక్యాన్ అనే చోట ఉన్న స్మారకంపై, బర్మాలో మరణించి సమాధి ఎరుగని దాదాపు 27,000 మంది సైనికుల పేర్లున్నాయి. వారిలో భారతీయులు అనేకులు. సైనికులకు ఆ రాయి దక్కింది. దారిలో పడిపోయిన కూలీ పేరు ఏ రాతిమీద ఉంది? యుద్ధం చంపేది తుపాకి పట్టినవారిని మాత్రమే కాదు.

మనం చేయగలిగినది

ప్రియ పాఠకులారా, స్మారకం ఉన్నది యుద్ధాన్ని పొగడడానికి కాదు. అది ఎంత ఖరీదైనదో చెప్పడానికి. ఆయుధాలు సేద్యపు పనిముట్లుగా మారే దినమును యెషయా ప్రవక్త ముందుగా చూచాడు. ఆ దినము కొరకు ప్రార్థించేవారు చనిపోయినవారిని లెక్కలోనుండి తీసివేయరు.

రాతి కట్టడం మన చేతిలో లేకపోవచ్చు. కుటుంబ బైబిలు మన చేతిలో ఉంది. 1942 నాటికి చిన్నపిల్లలుగా ఉన్నవారు ఈనాడు ఎనభై దాటినవారు. వారి దగ్గర కూర్చోండి. రంగం వెళ్ళి తిరిగిరాని తాత పేరేమిటో, సైన్యంలో చేరి కనబడకుండా పోయిన మేనమామ పేరేమిటో అడగండి. పేరు, ఊరు, సంవత్సరం బైబిలులోని ఖాళీ పేజీలో వ్రాయండి. నవంబరులో ఒక ఆదివారం ఆ పేర్లను ఆరాధనలో చదివి, ఒక నిమిషం మౌనంగా నిలబడండి. అప్పుడు సరిహద్దులో ఉన్న మన బిడ్డల క్షేమం కొరకు ప్రార్థించండి.

మోషే సమాధి ఎక్కడ ఉన్నదో ఏ మనుష్యునికీ తెలియదు. దేవునికి తెలుసు. ఆయన ఎరిగిన పేర్లను మన పిల్లలు కూడా ఎరుగునట్లు చేయడం మన పని.