కారే పట్టకు కుట్టే కారణం
బరువు చూసి ఎంపిక.. అతుకు చూసి సంరక్షణ

రేణిగుంట: అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. తిరుపతి, చిత్తూరు జిల్లాలలో వాయుగుండాలు, తుపాన్ల ప్రభావంతో జోరువానలు కురిసేది ప్రధానంగా ఈ మూడు నెలలలోనే. 2021 నవంబరులో కురిసిన కుండపోతకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి. స్వర్ణముఖి పొంగి ప్రవహించింది. కళ్లంలో వేరుశనగ ఆరబెట్టిన రైతుకు, పెరటాసి మాసంలో తమిళనాడు నుంచి పుత్తూరు, రేణిగుంటల మీదుగా తిరుమలకు నడిచి వచ్చే యాత్రికులకు, విహారానికి వెళ్లి ఆరుబయట బస చేసే యువకులకు అప్పుడు అక్కరకు వచ్చేది నెత్తిన కప్పే పట్ట ఒక్కటే. అయితే కొత్తగా కొన్న పట్ట కూడా తొలి వానకే కారుతోందని పలువురు వాపోతుంటారు. లోపం చాలాసార్లు వస్త్రంలో కాదు, దాని కుట్టులో ఉంటుంది.

ఎవరికి ఏది?

పట్ట మందాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కన చెబుతారు. దీనినే జీఎస్‌ఎం అంటారు. పొడవును వెడల్పుతో, ఆపై జీఎస్‌ఎంతో హెచ్చిస్తే బరువు తెలిసిపోతుంది. రైతులు వాడే 250 జీఎస్‌ఎం ప్లాస్టిక్ టార్పాలిన్ 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉంటే 12 కిలోలు తూగుతుంది. కళ్లానికి ఈ బరువే మేలు. గాలికి తేలికగా లేవదు, రాళ్ల రాపిడికి తట్టుకుంటుంది. తడిసిన కాయలకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం చేరే ముప్పు ఉన్నందున ఇక్కడ నాసిరకం పట్టతో సరిపెట్టుకోరాదు. ఈ రకం టార్పాలిన్లకు ఐఎస్ 7903 ప్రమాణం ఉంది. కొనేటప్పుడు ఆ గుర్తును, ఎండకు తట్టుకునే యూవీ రక్షణను అడిగి చూసుకోవాలి.

భుజాన మోసుకుపోయే వారి లెక్క వేరు. 3 మీటర్ల చదరపు పట్ట 250 జీఎస్‌ఎంలో రెండుంపావు కిలోలు ఉంటే, సుమారు 50 జీఎస్‌ఎం ఉండే సిలికాన్ పూత నైలాన్‌లో అర కిలోకు లోపే. నైలాన్ తడిస్తే కొంత సాగుతుంది కనుక రాత్రివేళ తాళ్లను మళ్లీ బిగించుకోవాలి. పాలియెస్టర్ అంతగా సాగదు. నీటి ఒత్తిడిని తట్టుకునే శక్తిని మిల్లీమీటర్లలో ముద్రిస్తారు. పైకప్పుకు 1500 మి.మీ., అంతకు మించి ఉంటే మంచిది.

సూది రంధ్రాలే దారి

తేలికపాటి వస్త్రం సాధారణంగా ఒకటిన్నర మీటరు వెడల్పున వస్తుంది. అందుకే 3 మీటర్ల పట్టకు నడుమ ఒక కుట్టు తప్పదు. సరిగ్గా ఆ కుట్టే పైకప్పు వెన్ను మీదకు వస్తుంది. సూది చేసిన ప్రతి రంధ్రం నీటికి దారి. దారం కూడా నీటిని పీల్చి లోపలికి చేరవేస్తుంది. కర్మాగారంలోనే కుట్టు వెంట టేపు అతికించిన పట్టలకు ఈ బెడద ఉండదు. టేపు లేనివాటికి మనమే సీలెంటు పూయాలి.

ఏ పూతకు ఏ మందు?

సిలికాన్ పూతకు సిలికాన్ సీలెంటే అంటుతుంది. పాలీయురేథేన్ (పీయూ) పూతకు ఆ రకం సీలెంటే వాడాలి. ఒకదానికి బదులు మరొకటి పూస్తే ఎండిన తరువాత పొరలా ఊడిపోతుంది. ఏ పూతో తెలియనప్పుడు ఒక మూల చుక్క వేసి, ఆరాక గోటితో గీరి చూడాలి. ఊడకుంటే అదే సరైనది. రైతుల ప్లాస్టిక్ టార్పాలిన్‌కు ఈ రెండూ సరిగా అంటవు. చిరుగుకు ఇరువైపులా తుడిచి, టార్పాలిన్ టేపు అతికించడమే మార్గం.

పూసే విధానం

- పట్టను శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, కుట్టు బిగుతుగా నిలిచేలా కట్టాలి. అప్పుడే రంధ్రాలు తెరుచుకుని మందు లోపలికి దిగుతుంది.
- హార్డ్‌వేర్ దుకాణాలలో దొరికే నూరు శాతం సిలికాన్ సీలెంటును, రంగులు వేసేవారు వాడే మినరల్ టర్పెంటైన్‌తో తేనె చిక్కదనం వచ్చే వరకు కలపాలి. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా ఈ పని చేయాలి.
- చిన్న కుంచెతో కుట్టు మీద, దానికి ఇరువైపులా పలుచగా పూయాలి. సిలికాన్ పట్టకు పైవైపు పూస్తే చాలు. పీయూ పట్టకు పూత ఉన్న లోపలివైపు పూయాలి.
- తాళ్లు కట్టే మూలల కుట్లను మరువరాదు.
- ఒక రోజు ఆరనిచ్చి, జిగురు పోయేందుకు టాల్కం పౌడరు చల్లాలి. ఆపై నీరు పోసి పరీక్షించాలి.

కట్టడంలోనూ మెలకువ

గాలి వచ్చే వైపు అంచును నేలకు దించి కట్టాలి. తాడు వెంట జారే నీరు లోపలికి రాకుండా, పట్టకు కాస్త ముందు తాడుకు చిన్న దారం వేలాడదీస్తే నీరు అక్కడే కారిపోతుంది. గాలి ఆడకపోతే ఊపిరి ఆవిరే లోపల చెమ్మగా పట్టి చుక్కలుగా రాలుతుంది. దానిని కారుడుగా పొరబడరాదు. వాగు ఒడ్డున, ఒంటరి చెట్టు కింద బస కూడదు. శేషాచలం అడవులలో అటవీశాఖ అనుమతి లేకుండా బస చేయరాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక బాలిక బలైన విషయం తెలిసిందే.

తడి పట్టను మడిచి మూలన పడేస్తే పీయూ పూత జిగురుగా మారి పాడవుతుంది. నీడన పూర్తిగా ఆరబెట్టి భద్రపరిస్తే పట్ట మరికొన్నేళ్లు మన్నుతుంది. వానలు మొదలయ్యాక కుట్టు ఆరేందుకు ఎండ దొరకదు. కాబట్టి సెప్టెంబరులోనే పట్టను విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టి రంధ్రాలను చూసుకోవడం ఉత్తమం.