నాటకపు తెర నుండి పూజగది పటం దాకా

పళని చుట్టుపట్ల మన తెలుగు కుటుంబాలలో కుమారస్వామి పటం లేని పూజగది అరుదు. స్వామి ముందు నిలిచి ఉంటాడు; చేత వేలాయుధం, ప్రక్కన నెమలి. వెనుక కొండ, మెట్లదారి, లేత నీలపు ఆకాశం. మన చూపు స్వామి ముఖంపైనే నిలుస్తుంది గనుక ఆ కొండను ఎవరూ పట్టించుకోరు. ఈ వ్యాసం ఆ కొండను గురించినదే. అటువంటి కొండలు మొదట నాటకపు తెర మీద వెలసి, ఆ తరువాత పటాలలోకి వచ్చినవి.

వీధి భాగవతంలో ఇద్దరు పట్టుకొని నిలిచే తెర, రాబోయే పాత్రను దాచేందుకు మాత్రమే పనికివచ్చేది. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో పార్శీ నాటక సమాజాలు దక్షిణాదికి తెచ్చిన రంగుల తెర వేరు. అది చోటును చూపించింది. రాజసభ, వీధి, అడవి, ఉద్యానవనం ఒకదాని వెనుక ఒకటి వ్రేలాడేవి. ముందు వీధి దృశ్యం నడుస్తుండగా వెనుక సభను సిద్ధం చేసుకోవచ్చు. కడప జిల్లాలో 1885లో వనారస గోవిందరావు ప్రారంభించిన సురభి నాటక సమాజం ఈ విద్యలో పేరుపొందింది. ఇటు మధురలో శంకరదాస్ స్వామిగళ్ 1918లో బాలుర నాటకసభను నెలకొల్పారు. మనం తెర అన్నదానినే తమిళులు తిరై అంటారు; రెండు భాషల నటులకూ అదే బట్ట, అదే కొయ్య.

ఆ తెరను తయారుచేసే పద్ధతి తెలుసుకోదగినది. ముతక నూలుబట్టను వెడల్పుగా కుట్టి, బిగించి లాగి, వడ్రంగులు వాడే జిగురును నీటిలో కాచి సుద్ద కలిపి పూస్తారు. అది ఆరిన పిదప పొడి రంగులను అదే జిగురునీటిలో కలిపి వెడల్పాటి కుంచెలతో వేస్తారు. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించిన రంగు ఆరిన తరువాత తేలిపోతుంది. కనుక చిత్రకారుడు కంటి ముందున్న రంగును నమ్మకూడదు. మరునాడు మిగిలే రంగును మనసులో ఉంచుకొని కుంచె ముంచాలి. పైగా రాత్రి దీపాల పసుపు వెలుగులో నీలం మసకబారుతుంది, ఎరుపు ప్రకాశిస్తుంది. పగలు చూచి ముచ్చటపడిన తెర రాత్రికి వెలవెలబోవడం అందుకే.

ఇక లోతు సంగతి. రైలుపట్టాలు దూరాన కలిసినట్లు తోచడం పిల్లలందరూ ఎరిగినదే. వీధి తెరలో ఇండ్ల చూరుల గీతలు కూడా అట్లే ఒక బిందువు వైపు సాగుతాయి. దగ్గరి చెట్టుకు ముదురు పచ్చ, దూరపు కొండకు లేత నీలం. పళని నుండి కొడైకెనాల్ కొండలను చూచే మనకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఈ కనికట్టుకు ఒక హద్దు ఉన్నది. నటుడు వెనుక తెరను ఆనుకొని నిలిస్తే చిత్రించిన మేడ కంటే తానే ఎత్తుగా కనబడతాడు, భ్రమ చెదిరిపోతుంది. కాబట్టి అతడు ముందుభాగంలోనే, దీపాల వెలుగు ముఖాన పడేటట్లు, ప్రేక్షకులకు అభిముఖంగా నిలవాలి.

ఇప్పుడు మన పటాన్ని మళ్లీ చూడండి. స్వామి ఎక్కడ నిలిచాడు? కొండ మీద కాదు, కొండకు ముందు. ముఖాన నీడ లేదు. చూపు మన వైపే.

ఈ మార్పుకు ముఖ్యులలో ఒకరు, పేరులోనే తెలుగుదనం వినిపించే సి. కొండయ్య రాజు. ఆయన 1898లో జన్మించారు. మద్రాసు చిత్రకళాశాలలో విద్య నేర్చి, కొంతకాలం తిరువణ్ణామలై రమణాశ్రమంలో గడిపి, తరువాత నాటక సమాజాలకు తెరలు చిత్రించారు. 1940లలో, మధురకు దక్షిణాన రైలుమార్గంలో ఉన్న కోవిల్‌పట్టిలో స్థిరపడ్డారు. అక్కడ ఛాయాచిత్రాల స్టూడియోలోనూ తెర విద్యే అక్కరకు వచ్చింది. ఫొటో దిగేవారి వెనుక తోటో మేడో కావాలి గదా!

కోవిల్‌పట్టికి దగ్గరలోనే శివకాశి అచ్చుయంత్రాలు ఉన్నవి. అక్కడి క్యాలెండర్ల కోసం ఆయన, ఆయన శిష్యులు దేవతామూర్తులను చిత్రించసాగారు. చిత్రకారుడు వేసిన ఒక్క మూలచిత్రాన్ని పసుపు, ఎరుపు, నీలం, నలుపు అను 4 పలకలుగా విడదీసి ఒకదానిపై ఒకటి అచ్చువేస్తే, వేలకొలది ప్రతులు కిరాణా కొట్ల ద్వారా ఊరూరికీ చేరేవి. నాటకం చూడలేని వృద్ధులకు సైతం ఆ రంగుల తెర ఇంటి గోడ మీదికి వచ్చినది. గొప్ప చిత్రశాలలలోని చిత్రాలకు దక్కని ప్రేక్షకులు వీటికి దక్కారని నా అభిప్రాయం. అయినా వీటిని కళ అనడానికి పండితులు చాలాకాలం వెనుకాడారు.

కొండయ్య రాజు 1976లో మరణించారు. టి.ఎస్. సుబ్బయ్య మొదలగు శిష్యులు ఆ పనిని కొనసాగించారు. కొన్ని పటాలలో గురుశిష్యుల పేర్లు రెండూ కలిసి కనిపిస్తాయి. చిత్రపు అడుగున, ఒక మూల, సన్నని అక్షరాలలో ఉండే ఆ సంతకం కోసం మీ ఇంటి పాత పటాలను పరిశీలించండి. తేదీల భాగం చించి అద్దం కట్టించిన పటాలలో చట్రపు అంచు దానిని కప్పి ఉండవచ్చు.