పరిమళము లేని సబ్బు

అంగడిలో సబ్బును చేతికి తీసికొన్నవారు మొట్టమొదట చేయు పని దానిని వాసన చూచుట. వాసన నచ్చినచో సబ్బు మంచిదని తలంతురు. కాని మురికిని పోగొట్టు శక్తి సబ్బునకు పరిమళమువలన వచ్చునది కాదు. పైగా కొందరి చర్మమునకు ఆ పరిమళమే పడదు. స్నానము చేసిన పిమ్మట చర్మము బిగిసినట్లగుట, దురద పుట్టుట, ఎఱ్ఱబారుట వారికి మామూలు. అట్టివారికొరకు పరిమళము లేని సబ్బును ఇంటిలోనో, పాఠశాల ప్రయోగశాలలోనో చేసికొనవచ్చునా? చేసికొనవచ్చును. అయితే పరిమళమును మానినంత మాత్రమున సబ్బు మెత్తనిది కాదు. దాని మెత్తదనము ముఖ్యముగా త్రాసుపై ఆధారపడి యున్నది.

సబ్బు పుట్టుక

నూనెలు, కొవ్వులు గ్లిజరిన్‌తో కొవ్వు ఆమ్లములు కలియుటవలన ఏర్పడిన పదార్థములు. ఒక్కొక్క గ్లిజరిన్ అణువును మూడేసి కొవ్వు ఆమ్లములు పట్టుకొని యుండును. కాస్టిక్ సోడా, అనగా సోడియం హైడ్రాక్సైడు, ఆ బంధమును విడదీసి కొవ్వు ఆమ్లములతో తాను కలియును. అట్లు ఏర్పడిన సోడియం లవణమే సబ్బు. గ్లిజరిన్ విడిపోవును. ఈ రహస్యమును విప్పి చెప్పినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రోల్. కొవ్వులపై ఆయన వ్రాసిన గ్రంథము 1823లో వెలువడినది.

మన పల్లెలలో బట్టలుతుకుటకు వాడిన చవుడు కూడ క్షారమే. అందలి సోడా బట్టల జిడ్డును వదలించును. కుంకుడుకాయ సంగతి వేరు. దాని నురుగు సపోనిన్లు అను పదార్థములవలన వచ్చును. అది సబ్బు కాదు.

పెద్ద కర్మాగారములలో ఉప్పు కలిపి గ్లిజరిన్‌ను వేరుచేసి తీయుట కలదు. చేతితో చేసిన సబ్బులో అది అంతయు నిలిచియుండును. అర కిలో నూనెనుండి సుమారు 50 గ్రాముల గ్లిజరిన్ వచ్చును.

చర్మమునకు పడనివి

సబ్బువలన చర్మమునకు కలుగు బాధకు మూడు కారణములు చెప్పవచ్చును. మొదటిది పరిమళ ద్రవ్యము. మొక్కలనుండి తీసినదైనచో హాని చేయదనుకొనుట పొరపాటు. లవంగతైలములోని యూజెనాల్, నిమ్మగడ్డి నూనెలోని సిట్రాల్ కొందరికి ఎలర్జీ కలిగించును. ఐరోపా సమాఖ్య 2003లో ఇట్టి 26 పదార్థముల పేర్లను, అవి నిర్ణీత పరిమాణమును మించి యున్నచో, పెట్టెపై ముద్రింపవలెనని శాసించినది. 2023లో ఆ పట్టికను ఇంకను పెంచినది. వాసన తెలియని సబ్బులన్నియు పరిమళము లేనివి కావని కూడ గమనింపవలెను. నూనె వాసనను కప్పిపుచ్చుటకు కొన్నింటిలో కొద్దిగా పరిమళమును చేర్చుదురు.

రెండవది, నూనెతో కలియక మిగిలిపోయిన కాస్టిక్ సోడా. ఇది చర్మమును కాల్చును. మూడవది సబ్బు యొక్క స్వభావమే. కొబ్బరినూనెలో దాదాపు సగము లారిక్ ఆమ్లము. దానినుండి వచ్చిన సబ్బు బాగుగా నురుగునిచ్చును గాని, చర్మములోని సహజమైన జిడ్డును ఎక్కువగా లాగివేయును. ఆలివ్ నూనెలో అధికముగా నుండు ఓలియిక్ ఆమ్లము మెత్తని సబ్బునిచ్చును. కావున సున్నితమైన చర్మమునకు ఆలివ్ నూనె హెచ్చుగాను, కొబ్బరినూనె తక్కువగాను వాడుట మేలు.

లెక్క

ఒక గ్రాము నూనెను పూర్తిగా సబ్బుగా మార్చుటకు ఎన్ని మిల్లీగ్రాముల పొటాసియం హైడ్రాక్సైడు కావలెనో ఆ సంఖ్యను సపోనిఫికేషన్ సంఖ్య అందురు. కొబ్బరినూనెకు అది సుమారు 257. ఆలివ్ నూనెకు సుమారు 190. మనము 100 గ్రాముల కొబ్బరినూనె, 400 గ్రాముల ఆలివ్ నూనె తీసికొందము.

కొబ్బరినూనెకు 25.7 గ్రాములు, ఆలివ్ నూనెకు 76 గ్రాములు, మొత్తము 101.7 గ్రాముల పొటాసియం హైడ్రాక్సైడు కావలెను. మనము వాడునది సోడియం హైడ్రాక్సైడు గనుక, ఈ సంఖ్యను వాటి అణుభారములైన 40, 56.1ల నిష్పత్తిలో తగ్గింపవలెను. అప్పుడు 72.5 గ్రాములు వచ్చును. అంతయు వేసినచో నూనె సంఖ్యలో కలుగు స్వల్పభేదమునకైనను క్షారము మిగులవచ్చును. కావున 100కు 7 వంతులు తగ్గించి 67 గ్రాములే వాడుదుము. కొంచెము నూనె సబ్బుగా మారక మిగులును. ఆ నూనెయే మనకు రక్షణ.

చెంచాలతో కొలిచినచో ఈ లెక్క అంతయు వ్యర్థమగును. పలుకులుగా నున్న సోడా, బిళ్లలుగా నున్న సోడా చెంచాలో ఒకే బరువు తూగవు. సరియైన త్రాసు లేనివారు ఈ పనికి పూనుకొనరాదు. నూనెలు మార్చినచో లెక్కను తిరిగి చేయవలెను.

చేయు విధము

కాస్టిక్ సోడాను ఉపాధ్యాయుడే ముట్టవలెను. విద్యార్థులు దూరముగా నిలిచి చూడవలెను. కంటి అద్దములు, రబ్బరు తొడుగులు, పొడుగుచేతుల చొక్కా అవసరము. గాలి బాగుగా వీచుచోట పని చేయవలెను. అల్యూమినియం పాత్రను వాడరాదు. సోడా దానిని తినివేసి, మండు స్వభావముగల హైడ్రోజన్ వాయువును వెలువరించును. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర మంచిది.

150 గ్రాముల చల్లని శుద్ధజలములో 67 గ్రాముల సోడాను కొద్దికొద్దిగా వేయుచు కలుపవలెను. సోడాలో నీరు పోయరాదు. అట్లు చేసినచో అది పొంగి చిమ్మును. ద్రావణము చేయి పెట్టలేనంత వేడెక్కును. దానిని ఆరనిచ్చి, నూనెలను కలిపి గోరువెచ్చగా చేసి, రెండును సుమారు 40 డిగ్రీల సెంటీగ్రేడునకు వచ్చినపుడు ద్రావణమును నూనెలో సన్నని ధారగా పోయుచు కలియబెట్టవలెను. ఆలివ్ నూనె ఎక్కువ గనుక ఓపిక కావలెను. మిశ్రమము దోసెపిండివలె చిక్కబడి, గరిటెనుండి జారిన ధార పైన గీతవలె నిలిచినపుడు అచ్చులో పోయవలెను. రెండు మూడు దినములలో గట్టిపడిన పిమ్మట తొడుగులతోనే తీసి, బిళ్లలుగా కోసి, గాలి తగులునట్లు 4 నుండి 6 వారములు ఆరబెట్టవలెను. ఈ కాలములో నీరు పోయి సబ్బు గట్టిపడును. సోడా చర్మముపై పడినచో వెంటనే ధారగా కారు నీటితో చాలసేపు కడుగవలెను. కంటిలో పడినచో కడుగుచునే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

పరీక్ష

సబ్బులో సోడా మిగిలినదా అని తెలిసికొనుట ఎట్లు? సబ్బునీటిలో ఫినాఫ్తలీన్ వేసినచో మంచి సబ్బుకైనను గులాబిరంగు వచ్చును. ఏలయన నీటిలో సబ్బే క్షారగుణము చూపును. నీరు అంతగా లేని ఆల్కహాలులో అట్లు కాదు. కొద్దిగా సబ్బు తురుమును ఆల్కహాలులో వేసి, వేడినీటి పాత్రలో నుంచి కరిగించి, ఫినాఫ్తలీన్ చుక్కలు వేయవలెను. దగ్గర మంట ఉండరాదు. ఇప్పుడు గులాబిరంగు వచ్చినచో సోడా మిగిలినదని అర్థము. ఆ సబ్బును ఒంటికి వాడరాదు.

సబ్బు చేయలేనిది

ఆరోగ్యవంతమైన చర్మపు పై పొర కొంచెము ఆమ్లగుణము కలది. దాని పి.హెచ్. సుమారు 5 ఉండును. సబ్బునీటి పి.హెచ్. 9, 10ల నడుమ నుండును. పి.హెచ్.లో 4 అంకెల తేడా యనగా 10,000 రెట్లు. నిమ్మరసము చేర్చి సబ్బు పి.హెచ్.ను చర్మముతో సమానము చేయవచ్చునని కొందరందురు. విద్యార్థులు సబ్బునీటిలో కొంచెము వెనిగర్ పోసి చూడవచ్చును. నీరు పాలవలె తెల్లబడును, నురుగు పోవును. ఆమ్లము సబ్బును తిరిగి కొవ్వు ఆమ్లముగా మార్చివేసినది. క్షారగుణము లేని అసలు సబ్బు ఉండదు.

చాలమంది చర్మము కొన్ని గంటలలో తన ఆమ్లగుణమును తిరిగి పొందును. ఎగ్జిమా ఉన్నవారి చర్మమునకు అది కష్టము. వారికి ఎంత శ్రద్ధగా చేసిన సబ్బైనను పడకపోవచ్చును. తక్కువ పి.హెచ్. గల సబ్బుకాని శుద్ధికారకములను వైద్యుడు సూచించినచో వానినే వాడుట మంచిది. తక్కినవారు కూడ క్రొత్త సబ్బును మొదట ముంజేతి లోపలివైపు కొంచెము చోట రాచి, కడిగి, అట్లు కొన్ని దినములు చూచి, బాధ లేనిచో ఒంటికి వాడవలెను. ఇంటిలో పసిబిడ్డ ఉన్నచో ఈ జాగ్రత్త మరింత అవసరము. సబ్బు పడలేదని బిడ్డ నోటితో చెప్పలేదు. చర్మమును చూచి మనమే తెలిసికొనవలెను.