కంటి కవచం

గోదావరిఖని అనే పేరులోనే ‘ఖని’ ఉంది. పెద్దపల్లి జిల్లాలో గోదావరి తీరాన వెలసిన ఈ పట్టణానికీ, పక్కనే ఉన్న రామగుండానికీ సింగరేణి బొగ్గుగనులే ఆదరువు. భూగర్భ గనులు, ఓపెన్‌కాస్ట్ గనులు, యంత్రాలను బాగుచేసే వర్క్‌షాపులు, వీటికి తోడు ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రం ఉండటం వల్ల ఈ ప్రాంతం మూడు షిఫ్టులూ మేలుకొనే ఉంటుంది. బాయి పని అనగానే తలమీది టోపీ, దానికి బిగించిన దీపం, కాళ్లకు తొడిగిన బూట్లు గుర్తుకు వస్తాయి. కన్ను మాత్రం అంత తొందరగా గుర్తుకు రాదు.

గనికీ కంటికీ ఉన్న వైరం పాతది. ఒకప్పుడు బ్రిటన్ బొగ్గుగనులలో మసక వెలుతురులో ఏళ్ల తరబడి పనిచేసిన వారికి కనుగుడ్లు నిలకడ లేకుండా అదిరే వ్యాధి వచ్చేది. దానిని ‘మైనర్స్ నిస్టాగ్మస్’ అన్నారు. మంచి విద్యుద్దీపాలు వచ్చాక ఆ వ్యాధి దాదాపుగా అంతరించింది. వెలుతురు సమస్య తీరింది గాని, ఎగిరిపడే ముక్కల సమస్య తీరలేదు. గని కప్పుకు బోల్టులు బిగించడానికి పైకి డ్రిల్లు వేసేటప్పుడు రాతిపొడి నేరుగా ముఖం మీద రాలుతుంది. గ్రైండింగ్ చక్రం నుంచి పువ్వుల్లా లేచే నిప్పురవ్వలు నిజానికి మండుతున్న ఉక్కు రజను. సుత్తిదెబ్బకు ఉలి నుంచి లేచిన చిన్న పెచ్చు కనుగుడ్డులోకి దూసుకుపోయినా, ఒక్కోసారి నలుసు పడినట్లు మాత్రమే అనిపిస్తుంది. నొప్పి తగ్గిందని కార్మికుడు ఊరుకుంటాడు. లోపల మిగిలిన ఇనుము మెల్లమెల్లగా రెటీనాను పాడుచేస్తుంది.

చూపు సరిగా ఉన్నవారికి మామూలు గాగుల్ సరిపోతుంది. చిక్కంతా పవరు అద్దాలు వాడేవారితోనే. నలభై ఏళ్లు దాటితే చత్వారం రాక తప్పదు. చత్వారమనే మాటే నలభై అనే సంఖ్య నుంచి వచ్చింది. గని పనిలో ఆరితేరిన ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లలో చాలామంది ఆ వయస్సువారే. ‘కళ్లద్దాలు ఉండనే ఉన్నాయి కదా, వేరే రక్షణ ఎందుకు?’ అనుకోవడం అపాయకరం. మామూలు కళ్లద్దాలు చూపును సరిచేస్తాయి, దెబ్బను ఆపవు. గాజు కటకం పగిలితే దాని పెంకులే కంట్లో గుచ్చుకొంటాయి. కటకం పగలకున్నా, ఫ్రేము నుంచి ఊడి కంటి వైపే పడవచ్చు. పక్కలు ఎలాగూ తెరిచే ఉంటాయి.

కళ్లద్దాల మీదనే పెద్ద గాగుల్ తొడుక్కోవడం ఒక ఉపాయం. కాసేపటి పనికి అది మంచిదే. ఎనిమిది గంటల షిఫ్టుకు మాత్రం అది కష్టం. వేసవిలో రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. గని లోపల ఉక్కపోత ఉంటుంది. రెండు అద్దాల మధ్య ఆవిరి పట్టి ఏమీ కనిపించదు. అప్పుడు గాగుల్ టోపీ మీదికి చేరుతుంది. అక్కడ అది టోపీని తప్ప దేనినీ కాపాడదు. కనుక పవరునూ రక్షణనూ ఒకే అద్దంలో కూర్చిన కళ్లద్దాలే ఇటువంటివారికి తగినవి.

వాటిని ఎంచుకొనేటప్పుడు చూడవలసింది అందం కాదు, గుర్తు. భారతదేశంలో కంటి రక్షకాలకు ఐ.ఎస్. 5983 అనే ప్రమాణం ఉంది. అమెరికా ప్రమాణం జెడ్87.1 ప్రకారం, గట్టి దెబ్బను తట్టుకొనే కళ్లద్దాల మీద 6.35 మిల్లీమీటర్ల ఉక్కుగుండును సెకనుకు 45 మీటర్లకు పైగా వేగంతో కొట్టి పరీక్షిస్తారు. అంటే గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగం! అందులో నిలిచిన కటకం మీద ‘జెడ్87+’ అనే ముద్ర ఉంటుంది. పవరు అద్దాల కోసం చేసిన ఫ్రేము మీద ‘జెడ్87-2’ అని వేరే గుర్తు ఉంటుంది. రెండూ ఉండాలి. సోకైన ఫ్రేములో పాలికార్బొనేట్ కటకం బిగించినా, రక్షణ ఫ్రేములో మామూలు కటకం బిగించినా అది కవచం కాదు. దూరపు చూపు తగ్గినవారి కటకం నడుమ పలుచగా ఉంటుంది. దెబ్బ తగిలేది సాధారణంగా అక్కడే. అందువల్ల కనీస మందాన్ని కూడా ప్రమాణమే నిర్ణయిస్తుంది.

పాలికార్బొనేట్ సులభంగా పగలదు గాని గీతలు తొందరగా పడతాయి. బొగ్గుదుమ్ము పట్టిన అద్దాన్ని చొక్కా అంచుతో తుడవరాదు, ముందు నీటితో కడగాలి. వెల్డింగ్ వెలుగును తెల్లని కటకం ఆపలేదు, దానికి తగిన నంబరు గల నల్లద్దం వేరే ఉండాలి.

బైఫోకల్ అద్దాల విషయం మరింత ఆలోచించవలసినది. వాటిలో దగ్గరి చూపు భాగం అడుగున ఉంటుంది. గని వాలుదారిలో దిగుతూ పాదాల వైపు చూస్తే నేల మసకగా కనిపిస్తుంది. తలపైన ఉన్న కేబులు జాయింటును చూడాలంటే మెడ విరుచుకోవాలి. కంటివైద్యునికి ‘అక్షరాలు కనిపిస్తున్నాయి’ అని చెబితే చాలదు. పని ఎంత దూరంలో, ఏ ఎత్తులో ఉంటుందో కూడా చెప్పాలి.

కంటికి హాని కలిగించే పనులలో తగిన గాగుల్స్ ఇవ్వడాన్ని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్‌లోనే ప్రస్తావించారు. అయితే మామూలు గాగుల్స్‌ను స్టోరు నుంచి పెట్టెలకొద్దీ తెచ్చి పంచవచ్చు. పవరు కళ్లద్దాలను అలా పంచలేరు. ఒక్కొక్కరి చూపును పరీక్షించి, కనుపాపల మధ్య దూరం కొలిచి, విడివిడిగా చేయించాలి. ఈ శ్రమకు వెనుదీసిన చోట నష్టపోయేది కార్మికుడే. కాంట్రాక్టు కార్మికునికైతే అడిగే ధైర్యం కూడా తక్కువ. చేయించుకొన్న తరువాతనూ కథ ముగియదు. రెండేళ్లకు చూపు మారితే బజారులో కటకం మాత్రం మార్పించుకొంటారు. అప్పుడు ఫ్రేము మీద ముద్ర అలాగే మిగులుతుంది, కొత్త కటకం మీద అది ఉండదు.