రెండో వారంలో చంపేదేమిటి?

2021 వేసవిని మరిచిపోయిన ఇల్లు తెలుగునాట ఉండదు. జ్వరం తగ్గింది, గండం గడిచిందని ఇంటిల్లిపాదీ అనుకునేలోపే, వారం తిరిగేసరికి ఆక్సీమీటరులో అంకె 90 కిందికి జారేది. ‘సైటోకైన్ తుఫాను’ అనే మాట మన ఇళ్లలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. చాలామందిలో కరోనా వైరస్ అప్పటికే తగ్గుముఖం పట్టేది. మరి ప్రాణం తీస్తున్నదేమిటి?

దీనికి జవాబు వెతికినవారిలో కొత్తగూడెం బిడ్డ కన్నెగంటి తిరుమలాదేవి ఒకరు. సింగరేణి మహిళా కళాశాలలో డిగ్రీ, ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేశారు. మొదట ఆమె పరిశోధించింది మొక్కల తెగుళ్లు, శిలీంద్రాల విషాల మీద. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్లాక జంతువుల రోగనిరోధక శక్తి వైపు మళ్లారు. 2007 నుంచి మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆసుపత్రిలో పనిచేస్తున్నారు. పంట తెగుళ్ల చదువు ఆమెకు వృథా పోలేదనే నా నమ్మకం. మొక్కకు యాంటీబాడీలు ఉండవు. పుట్టుకతో వచ్చిన రక్షణతోనే అది నెగ్గుకురావాలి. మనలోనూ సూక్ష్మజీవిని ముందుగా పసిగట్టేది ఆ సహజ రక్షణే.

కాలిలో ముల్లు విరిగితే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, సలుపుతుంది. అదే ఇన్‌ఫ్లమేషన్. తెల్లకణాలు అక్కడికి చేరి పోరాడుతున్నాయని దాని అర్థం. అదే ఒళ్లంతా చెలరేగితే మాత్రం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టే అవుతుంది. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

కొవిడ్ మీద ఆమె బృందం చేసిన ప్రయోగం చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. కణాల మధ్య సంకేతాలు మోసే ప్రొటీన్లే సైటోకైన్లు. తీవ్రంగా జబ్బుపడ్డవారి రక్తంలో బాగా పెరిగిన సైటోకైన్లను ఎంచుకున్నారు. ఎలుకల ఎముక మజ్జ నుంచి పెంచిన మాక్రోఫేజ్ అనే రక్షణ కణాల మీద వాటిని ఒక్కొక్కటిగా వేసి చూశారు. కణాలు పెద్దగా చావలేదు. అన్నీ కలిపి వేస్తే చచ్చాయి. అప్పుడు రెండేసి చొప్పున జతకట్టి పరీక్షిస్తే ఒకే ఒక్క జత దొరికింది: టీఎన్ఎఫ్, ఇంటర్ఫెరాన్ గామా. ఆ రెండూ కలిస్తే కణంలో నైట్రిక్ ఆక్సైడ్ పెరిగి, కణం తనను తానే చంపుకుంటుంది. కరోనా సోకిన ఎలుకలకు ఈ రెండింటినీ అడ్డుకునే యాంటీబాడీలు ఇస్తే చావులు తగ్గాయి. 2021లో ‘సెల్’ పత్రికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అందరూ ఒక్క దోషి కోసం వెతుకుతున్నప్పుడు జంటను పట్టుకోవడమే ఈ పనిలోని గొప్పదనం.

కణం చచ్చే తీరులోనూ ఇలాంటి ముడే ఉంది. పైరోప్టోసిస్, అపోప్టోసిస్, నెక్రోప్టోసిస్ అనే మూడింటినీ శాస్త్రవేత్తలు చాలాకాలం వేరువేరు దారులుగానే చూశారు. ఒకదాన్ని మూసినా కణం ఇంకోదారిన చస్తుండటం ఆమె బృందం గమనించింది. మూడూ ఒకే యంత్రాంగంలో ముడిపడి ఉన్నాయని తేల్చి, 2019లో దానికి ‘పానోప్టోసిస్’ అని పేరుపెట్టింది.

అలాగని ఈ ఇన్‌ఫ్లమేషన్ మంటను మొదట్లోనే ఆర్పేయడమూ ప్రమాదమే. 2020లో బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ ఔషధ పరీక్షల్లో, ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే డెక్సామెథసోన్ మందు ఆక్సిజన్ అవసరమైనవారి ప్రాణాలు నిలిపింది. ఆక్సిజన్ అక్కర్లేనివారికి మేలు చేసిన దాఖలా లేదు. ఏ మందు అన్నదెంత ముఖ్యమో, ఏ రోజు అన్నదీ అంతే ముఖ్యం.

2023లో వెలువడిన ఇంకో పరిశోధన మన ఏజెన్సీ ప్రాంతాలకు దగ్గరిది. మలేరియాలోనూ సికిల్‌సెల్ జబ్బులోనూ ఎర్రకణాలు పగిలి, వాటిలోని హీమ్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. దానికి సూక్ష్మజీవి అవశేషమో టీఎన్ఎఫో తోడైతే ఎన్ఎల్ఆర్పీ12 అనే ప్రొటీన్ కణాన్ని చావువైపు నెడుతుందని ఈ బృందం కనుగొంది. ఎర్రకణాలు పగిలే జబ్బు కలిగించినప్పుడు, ఆ ప్రొటీన్ లేని ఎలుకల్లో మూత్రపిండాలు అంతగా దెబ్బతినలేదు.

ఎలుకలో తేలింది మనిషిలోనూ తేలాలి. అందుకు రోగులున్న చోటే పరిశోధన జరగాలి. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు వైపు ఆదివాసీ బిడ్డలు సికిల్‌సెల్‌తో బాధపడుతున్నారు. మన వైద్య కళాశాలలు, విశ్వవిద్యాలయాలు ఆ పనికి ఇప్పుడే పూనుకోవాలి. ప్రభుత్వాలు నిధులివ్వాలి.