చేయి బాగుపడ్డాక కూడా అలసట ఎందుకు?

"మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఏడాదైంది. చేయి, కాలు మునుపటిలాగే ఆడుతున్నాయి. స్కానింగులో కూడా కొత్తగా ఏమీ లేదన్నారు. కానీ స్నానం చేసి వచ్చేసరికే మంచం మీద వాలిపోతున్నారు. ఇది బద్ధకమా?" అని ఒక పాఠకురాలు అడిగారు. కానే కాదు!

మెదడులో రక్తనాళం పూడుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆ తర్వాత సుమారు సగం మందిని ఈ అలసట పట్టుకుంటుందన్నది మాత్రం చాలామందికి తెలియదు. నిద్రపోయినా ఇది తీరదు. దెబ్బ ఎంత పెద్దదైతే అలసట అంత ఎక్కువ అనుకుంటాం కదా? ఆ లెక్క ఇక్కడ కుదరదు. 2009లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు స్వల్పమైన స్ట్రోక్ (పక్షవాతం) వచ్చినవాళ్లను ఆరు నెలల తర్వాత చూస్తే, 56 శాతం మందిలో అలసట కనిపించింది.

మరి కండరాలు బాగానే ఉంటే అలసట ఎక్కడిది? లండన్‌లో పనిచేసిన నాడీశాస్త్రవేత్త అన్నపూర్ణ కుప్పుస్వామి 2017లో ప్రతిపాదించిన జవాబు నన్ను కట్టిపడేసింది. అది అర్థం కావాలంటే ముందు కితకితల గురించి చెప్పాలి.

మనకు మనం కితకితలు పెట్టుకుంటే నవ్వు రాదు. చేతికి ఆజ్ఞ పంపేటప్పుడే మెదడు 'ఇప్పుడు ఇలాంటి స్పర్శ రాబోతోంది' అని ముందే అంచనా కడుతుంది. అనుకున్నట్టే వచ్చిన సమాచారాన్ని పెద్దగా పట్టించుకోదు. దీన్ని తూకం వేసి చూపిన ప్రయోగం 2003లో జరిగింది. ఒక యంత్రం మీ వేలిని నొక్కుతుంది. అంతే బలంతో మీ వేలిని మీరే రెండో చేత్తో నొక్కాలి. దాదాపు అందరూ యంత్రం కన్నా గట్టిగా నొక్కారు, సరిగ్గా అంతే నొక్కామని నమ్మారు! స్వయంగా చేసే పని బలాన్ని మెదడు తగ్గించి లెక్కగడుతుందన్నమాట.

మనం రోజంతా శ్రమ తెలియకుండా తిరగగలగడం ఈ తగ్గింపు పుణ్యమే. స్ట్రోక్ తర్వాత ఈ ఏర్పాటు దెబ్బతింటుందన్నది కుప్పుస్వామి వాదం. కండరాల నుంచి, కీళ్ల నుంచి వచ్చే ప్రతి సందేశమూ తగ్గకుండా మెదడుకు చేరుతుంది. అప్పుడు చెంబు ఎత్తినా బిందె ఎత్తినంత శ్రమ అనిపిస్తుంది. బలం ఉంది, ఆ బలం వాడడానికి పడే ప్రయాస పెరిగిపోయింది. ఎంత అందమైన వివరణ! దీనికి ముందే, 2015లో ఆమె బృందం అయస్కాంత తరంగాలతో మెదడులోని కదలికల కేంద్రాన్ని తట్టి చూసింది. అలసట ఎక్కువున్నవాళ్లలో చేతి కండరం అదరాలంటే మరింత బలమైన తరంగం కావలసి వచ్చింది. వాళ్లెవరికీ డిప్రెషన్ లేదు.

ఈ చివరి మాట ముఖ్యం. ఎన్నో ఏళ్లుగా వైద్యులు దీన్ని దిగులు ఖాతాలో రాసేశారు. అదే నిజమైతే దిగులు మందుకు అలసటా లొంగాలి. 2007లో కొరియాలో ఫ్లూఆక్సెటిన్ అనే ఆ రకం మందు ఇచ్చి చూశారు. ఆపుకోలేని ఏడుపు తగ్గింది, అలసట మాత్రం తగ్గలేదు. అయినా ఆ పాత అభిప్రాయం ఇంకా వదలలేదు. స్ట్రోక్ వచ్చిన తొలిరోజుల్లో రక్తంలో పెరిగే వాపు రసాయనాలకూ ఈ అలసటకూ సంబంధం ఉందని నార్వే పరిశోధకులు చూపారు. బహుశా ఆ వాపే నాడుల పనితీరును మార్చేస్తుందేమో.

ఇక మందు సంగతా? మెలకువ పెంచే మొడాఫినిల్ ఒక ప్రయోగంలో మేలు చేసింది, మరోదానిలో చేయలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు బీపీ, షుగర్ మాత్రల గురించీ ఫిజియోథెరపీ గురించీ రాసిచ్చే కాగితంలో ఈ అలసట ఊసు చాలాచోట్ల కనబడదు. అది నాకు మింగుడుపడని విషయం. రక్తహీనత, థైరాయిడ్, గురకతో చెడిపోయే నిద్ర, బీపీ మాత్రల ప్రభావం, వీటిని ముందు పరీక్ష చేయించాలి, ఇవి సరిచేయగలిగినవి. ఆపైన, ముఖ్యమైన పనులు ఓపిక ఉన్న పూట పెట్టుకుని మధ్యమధ్య కూర్చోవడం, వ్యాయామాన్ని కొద్దికొద్దిగా పెంచడం. ఇంతకుమించి ఎవరైనా గ్యారంటీగా తగ్గిస్తామంటే నమ్మకండి.